ఆడిట్ ఆఫీసు నుంచి యూనివర్సిటీ క్లాసుకి

(తిరుపతిలో కామర్స్ విద్యార్థులు, సీఏ ఆర్టికల్స్ (ఆడిట్ ఆఫీసులో శిక్షణ) చేస్తున్నవాళ్లు, యువ చార్టర్డ్ అకౌంటెంట్లు కలిసిన సభలో ఒక అధ్యాపకురాలి ప్రసంగ పాఠం. ఆమె అంతకుముందు చిత్తూరు, తిరుపతిలో చార్టర్డ్ అకౌంటెంట్‌గా ప్రాక్టీసు చేశారు.)

అందరికీ నమస్కారం. ఎదురుగా ఎంకామ్ పిల్లలున్నారు, ఆర్టికల్స్ చేస్తున్నవాళ్లున్నారు. వెనక వరసల్లో నాతోపాటు ఈ ఊళ్లో ప్రాక్టీసు చేసిన మిత్రులు కూడా కనబడుతున్నారు. నన్ను మాట్లాడమన్న విషయం ఒకటే. ప్రాక్టీసులో ఉన్న చార్టర్డ్ అకౌంటెంటు యూనివర్సిటీలో పాఠం చెప్పడానికి వెళ్లొచ్చా, వెళ్తే ఎట్లా ఉంటుంది? వెళ్లొచ్చు. దారి ఏదో చెప్తాను, జీతం సంగతి కూడా దాచకుండా చెప్తాను. అయితే అక్కడికి వెళ్లి ఏం చెయ్యాలనేది ముందు మాట్లాడుకుందాం. చాలామంది ఆ సంగతి ఆలోచించకుండానే దారి అడుగుతున్నారు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. సెక్షన్ నంబర్లు పుస్తకాల్లో ఉన్నాయి. అకౌంటింగ్ స్టాండర్డ్స్, అంటే లెక్కలు రాసే ప్రమాణాలు, చార్టర్డ్ అకౌంటెంట్ల ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతాయి. వాటికోసం పిల్లలకు మనం అక్కర్లేదు. ఒక అంకెను చూడగానే ఇది ఎవరు రాశారు, ఎందుకింత రాశారు, దీనికి కాగితం ఏది అని అడిగే అలవాటు మనకు ఏళ్ల తరబడి వోచర్లు తిరగేస్తే వచ్చింది. క్లాసులోకి తీసుకెళ్లాల్సింది దాన్ని. ఇరవై ఏళ్ల పిల్లలకు ఆ అలవాటు అంటించగలిగితే మనం వచ్చిన పని అయినట్టే.

ప్రాక్టీసును తక్కువ చేసి మాట్లాడటానికి రాలేదు. నాకు అన్నం పెట్టింది, పని నేర్పింది అదే. అయితే ఆ క్యాలెండర్ మీకు తెలుసు. 7వ తేదీ టీడీఎస్ (చెల్లింపుల్లోంచి ముందే కోసిన పన్ను) కట్టాలి, 11న జీఎస్టీ అమ్మకాల రిటర్ను, 20న జీఎస్టీ పన్ను కట్టే 3బీ రిటర్ను. జులై వస్తే ఇన్‌కం టాక్స్ రిటర్నులు, సెప్టెంబరులో టాక్స్ ఆడిట్ రిపోర్టులు, ఆ వెంటనే కంపెనీల ఫైలింగులు, డిసెంబరు చివర జీఎస్టీ వార్షిక రిటర్ను. గడువు చివరి రాత్రి పోర్టల్ తెరుచుకోక, క్లయింటు ఫోన్ మీద ఫోన్ చేస్తుంటే ఆ టెన్షన్ ఏమిటో పడ్డవాళ్లకే తెలుసు. ఆ హడావుడిలో ఆర్టికల్ పిల్లవాడు వచ్చి, “మేడమ్, డిప్రిసియేషన్ కంపెనీల చట్టంలో ఒకరకంగా, ఇన్‌కం టాక్స్‌లో ఇంకోరకంగా ఎందుకు కడతాం?” అని అడుగుతాడు. “ముందు ఆ ఫైలింగ్ కానీ నాయనా, తర్వాత చెప్తా” అంటాం. ఆ తర్వాత అనేది రాదు.

నాకు మటుకు రోజంతటిలో ఇష్టమైన పని, సాయంత్రం క్లయింట్లు వెళ్లిపోయాక ఆర్టికల్స్‌ని చుట్టూ కూర్చోబెట్టుకుని అట్లాంటి ప్రశ్నలు తీసుకోవడం. డిప్రిసియేషన్ అంటే ఆస్తి తరుగుదల. ఆస్తి ఎన్నాళ్లు పనిచేస్తుందో దాన్నిబట్టి ఖర్చు పంచమంటుంది కంపెనీల చట్టం. యంత్రాలన్నీ ఒక గంపకింద వేసి ఏటా ఇంత శాతం తీసుకోమంటుంది టాక్స్ చట్టం. ఒకటి వాటాదారుడికి లాభం ఎంతో చెప్పాలి, ఇంకొకటి ప్రభుత్వానికి పన్ను రాబట్టాలి. ఈ ముక్క అర్థమైన రోజున ఆ పిల్లల మొహాలు చూడాలి. ఆ పని సాయంత్రం మిగిలిన గంటలో కాకుండా పొద్దున్నే చెయ్యాలనిపించింది. నేను వృత్తి మారడానికి ఇంతకన్నా పెద్ద కారణం లేదు.

ఇంకొకటి కూడా ఉంది. మన ప్రాంతం సంగతి చూడండి. ఎస్వీ యూనివర్సిటీ 1954లో వచ్చింది. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం 1983లో వచ్చింది. కామర్స్ చదివే పిల్లలకు ఇక్కడ కొదవలేదు. మరోపక్క శ్రీసిటీ పారిశ్రామికవాడ ఉంది, రేణిగుంట చుట్టూ ఫ్యాక్టరీలున్నాయి, చిత్తూరులో మామిడి గుజ్జు పరిశ్రమ, గ్రానైటు, పాల డెయిరీలు ఉన్నాయి, తిరుపతి నిండా హోటళ్లు, ట్రావెల్స్. ఇంత వ్యాపారం చుట్టూ పెట్టుకుని మన పిల్లలు ఇంకా ‘ఎక్స్ లిమిటెడ్’, ‘వై లిమిటెడ్’ లెక్కలే చేస్తున్నారు. ఆ ఎక్స్ లిమిటెడ్ ఏం అమ్ముతుందో ఎవరికీ తెలియదు. నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం.

ఒక క్లాసు గురించి వివరంగా చెప్తాను. స్టాక్ విలువ కట్టడం, దాని గురించిన అకౌంటింగ్ స్టాండర్డు ఏఎస్ 2. సూత్రం ఒక్క వాక్యం: సరుకుకు అయిన ఖర్చు (కొనుగోలు, తయారీ కలిపి), అమ్మితే చేతికొచ్చే నికర విలువ, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. పిల్లలందరికీ నోటికి వచ్చు. పరీక్షలో ఐదు మార్కులు ఖాయం. నేను 2025 మామిడి సీజన్ తీసుకున్నాను. ఆ ఏడు తోతాపురి ధర పడిపోయి రైతులు ఎంత అవస్థ పడ్డారో చిత్తూరు జిల్లావాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీలు కిలోకి ₹8 ఇవ్వాలని, ప్రభుత్వం ఇంకో ₹4 కలిపి రైతుకు ₹12 వచ్చేట్టు చేస్తామని ప్రకటించారు. క్లాసులో బంగారుపాళ్యం వైపు నుంచి వచ్చే అబ్బాయి ఒకడున్నాడు. వాళ్లకు మామిడి తోట ఉంది. అతనే లేచి అడిగాడు: “మేడమ్, ఫ్యాక్టరీవాళ్ల లెక్కలో కాయ ఖరీదు ఎనిమిదా, పన్నెండా?”

ఆ ప్రశ్న నేను వేయలేదు, పుస్తకంలోనూ లేదు. గంట మొత్తం దానికే ఇచ్చేశాను. ఆ నాలుగు రూపాయలు ఎవరి జేబులోంచి వెళ్తున్నాయి? ప్రభుత్వం నుంచి. ఎవరి ఖాతాలోకి? నేరుగా రైతు ఖాతాలోకి. మధ్యలో ఫ్యాక్టరీ పుస్తకాల్లోకి వచ్చిందా? రాలేదు. అయితే ఫ్యాక్టరీకి కాయ ఖరీదు ఎనిమిదే. అదే నాలుగు రూపాయలు ఫ్యాక్టరీకి ఇచ్చి, రైతుకు పన్నెండూ నువ్వే ఇవ్వమంటే? అప్పుడు గ్రాంట్ల గురించిన స్టాండర్డు తెరవాలి. పిల్లలే తెరిచారు.

తర్వాత లెక్క వేశాం. అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి. రెండు కిలోల కాయకు ఒక కిలో గుజ్జు వస్తుందనుకుందాం. కాయకు ₹16, తయారీకి ₹14, మొత్తం ₹30. బాగానే ఉంది. కానీ గోడౌన్లో అంతకుముందు సీజన్ గుజ్జు కూడా మిగిలిపోయి ఉంది. అప్పుడు కాయ కిలో ₹25కి కొన్నారు. అంటే కాయకు ₹50, తయారీకి ₹14, మొత్తం ₹64. ఈరోజు మార్కెట్లో గుజ్జు ₹45కి పోతోంది, అమ్మడానికి ₹3 ఖర్చు. చేతికొచ్చేది ₹42. కాబట్టి కిలోకి ₹22 నష్టం ఇప్పుడే రాసుకోవాలి. గుజ్జు పట్టే డ్రమ్ము 215 కిలోలు. ఒక్క డ్రమ్ముకి ₹4,730. గోడౌన్లో వెయ్యి డ్రమ్ములుంటే? క్లాసు నిశ్శబ్దమైపోయింది.

ఇంతవరకూ ఏ మంచి టీచరైనా చెప్పగలరు. ఇక్కడినుంచి ప్రాక్టీసు చేసినవాళ్ల పని. నేను అడిగాను: “ఈ నష్టం రాయడానికి ఫ్యాక్టరీ యజమాని ఒప్పుకుంటాడా?” లాభం తగ్గితే పన్ను తగ్గుతుంది కదా, సంతోషంగా ఒప్పుకుంటాడు అన్నారు సగంమంది. బ్యాంకు సంగతి ఎవరికీ తట్టలేదు. ఫ్యాక్టరీకి క్యాష్ క్రెడిట్, అంటే స్టాక్ చూపించి బ్యాంకు నుంచి వాడుకునే అప్పు ఉంటుంది. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. ఆ స్టాక్ విలువలోంచి మార్జిన్ తీసేసి, మిగిలినదాన్నిబట్టి బ్యాంకు డ్రాయింగ్ పవర్, అంటే ఎంతవరకు వాడుకోవచ్చో లెక్క కడుతుంది. స్టాక్ విలువ తగ్గిస్తే వాడుకోగలిగే డబ్బు తగ్గిపోతుంది. ఇప్పటికే వాడేసి ఉంటే పైసలు వెనక్కి కట్టమంటారు. సీజన్ ముందు, కాయకొనే వేళ ఆ మాట వింటే యజమానికి నిద్రపట్టదు. అందుకని పాత గుజ్జు ధర రేపోమాపో పెరుగుతుంది మేడమ్ అంటాడు, కొనేవాళ్ల నుంచి ఒక మెయిల్ తెచ్చి చూపిస్తాడు. ఆ మెయిల్ ఆర్డరా, ఊరికే ధర అడిగారా? తేదీ ఎప్పటిది? మార్చి 31 తర్వాత నిజంగా ఎంతకు అమ్మారు? ఇన్వాయిస్ ఏది? ఆ సూత్రం ఉన్న ఒక్క వాక్యం వెనక ఇంతమంది మనుషులు, ఇన్ని అవసరాలు ఉన్నాయి. ఆ రోజునుంచి ఆ పిల్లలు బ్యాలెన్స్ షీటు చూసే పద్ధతి మారింది. స్టాక్ అంకె కనబడితే ఎవరు లెక్కపెట్టారు మేడమ్ అని అడుగుతున్నారు.

తిరుపతిలో అట్లాంటి పాఠాలకు కరువే లేదు. ఇంటర్నల్ కంట్రోల్ (తప్పులు, మోసాలు జరక్కుండా సంస్థ పెట్టుకునే కట్టుబాట్లు) అంటే నిర్వచనం రాయించడం ఎందుకండీ, తిరుమల పరకామణి చెబితే చాలు. హుండీ డబ్బు లెక్కపెట్టేవాళ్లకు జేబుల్లేని బట్టలెందుకు, ఒక్కరే కాకుండా నలుగురూ కలిసి కూర్చోవడమెందుకు, లెక్కపెట్టేవాళ్లు వేరు, పైనుంచి చూసేవాళ్లు వేరు ఎందుకు. ఒక్కో ప్రశ్న ఆడిట్ పుస్తకంలో ఒక్కో అధ్యాయం. అలాగే 2009 జనవరి 7న బయటపడ్డ సత్యం కంప్యూటర్స్ కంపెనీ మోసం. ₹5,040 కోట్ల నగదు, బ్యాంకు నిల్వలు లేనివి ఉన్నట్టు చూపించామని ఛైర్మనే ఉత్తరం రాశారు. ఇప్పుడు డిగ్రీ చదివే పిల్లలు అప్పటికి పసివాళ్లు. కథగా చెబితే కథలాగే వింటారు. నేను వాళ్లచేత బ్యాంకుకు కన్ఫర్మేషన్ ఉత్తరం, అంటే కంపెనీ ఖాతాలో నిజంగా ఎంత ఉందో చెప్పమని ఆడిటర్ అడిగే ఉత్తరం రాయిస్తాను. రాశాక ఒకటే అడుగుతాను, ఇది పోస్టులో ఎవరు వేస్తారు? కంపెనీ అకౌంటెంట్‌కి ఇస్తాం మేడమ్ అంటారు. జవాబు ఎవరికి రావాలి? కంపెనీకి. అయితే ఇంక మీరెందుకు అంటాను. ఉత్తరం పంపడం, జవాబు తెచ్చుకోవడం రెండూ ఆడిటర్ చేతిలోనే ఉండాలని ఆడిటింగ్ స్టాండర్డు ఎస్ఏ 505 ఎందుకు చెబుతుందో ఆ క్షణంలో తెలిసిపోతుంది.

మన క్లాసుల్లో చాలామంది పల్లెల నుంచి, తెలుగు మీడియం నుంచి వస్తారు. వాళ్లకు లెక్కలు రావని అనుకోవడం పెద్ద అన్యాయం. పీలేరు పక్కనుంచి వచ్చే అమ్మాయి ఒకరు మొదటి సెమిస్టరంతా నోరు విప్పలేదు. డెబిట్ అంటే ఏంటమ్మా అంటే పుస్తకంలో వాక్యం అప్పజెప్పేది. ఒకరోజు మీ ఇళ్లల్లో ఏ లెక్కల పుస్తకం ఉంటే అది తెమ్మన్నాను. పాలకేంద్రం కార్డు తెచ్చినవాళ్లున్నారు, చీటీల నోటుబుక్కు తెచ్చినవాళ్లున్నారు. ఆ అమ్మాయి వాళ్లమ్మ పొదుపు సంఘం పుస్తకం తెచ్చింది. సంఘానికి వాళ్లమ్మే లీడర్. నెలనెలా పొదుపు, అప్పు అసలు, వడ్డీ, ఆలస్యమైతే జరిమానా, అన్నీ గళ్లు గీసి రాసుంది. ఒకచోట అంకె కొట్టేసి పక్కన మళ్లీ రాసి, ఇద్దరు సంతకాలు పెట్టారు. ఎందుకు ఇద్దరు అని ఎవరో అడిగితే, ఆ అమ్మాయే లేచి చెప్పింది. ఒక్కరే దిద్దితే మిగతావాళ్లు నమ్మరంట, అందుకని మీటింగులోనే దిద్దుతారంట. నేను అడిగాను, సభ్యులు కట్టే పొదుపు సంఘానికి ఆదాయమా? ఆదాయమే మేడమ్ అంది. ఎవరైనా సంఘం వదిలి వెళ్లిపోతే ఏం చేస్తారు? వాళ్ల పొదుపు లెక్కచూసి ఇచ్చేస్తారు. మరి ఇచ్చేయాల్సినది ఆదాయమెట్లా అయింది తల్లీ? కాసేపు ఆలోచించి, “అయితే అది సంఘం వాళ్లకు బాకీ, వడ్డీ మాత్రమే ఆదాయం” అంది. అప్పు, ఆస్తి, ఆదాయం, మూడూ వాళ్లమ్మ పుస్తకంలోనే కనబడ్డాయి. తర్వాత ఆ అమ్మాయిని ఆపడం కష్టమైంది, అన్ని ప్రశ్నలు.

సరే, దారి సంగతి. ఇది త్వరగా చెప్పేస్తాను, వివరాలు మీరు చదువుకోవచ్చు. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టుకు మామూలుగా పీజీలో 55 శాతం మార్కులు, దానిపైన జాతీయ అర్హత పరీక్ష నెట్ గాని, మన రాష్ట్రంలో ఆ కోవదే అయిన ఏపీసెట్ గాని కావాలి. 2023లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) నిబంధన సవరించి నెట్, లేదా రాష్ట్రాల అర్హత పరీక్షలు సెట్, స్లెట్‌లే కనీస అర్హత అంది, ఈ పోస్టుకు పీహెచ్‌డీ తప్పనిసరి కాదంది. సీఏ పాసైనవాళ్లకు ఎంకామ్ లేకపోతే? 2021లో సీఏ, సీఎస్ (కంపెనీ సెక్రటరీ), కాస్ట్ అకౌంటెన్సీ అర్హతల్ని పీజీతో సమానంగా చూస్తామని యూజీసీ చెప్పింది. అంటే నెట్ రాయొచ్చు. అయినా ఉద్యోగ ప్రకటనలో ఏం రాశారో అక్షరం అక్షరం చదవండి, మన ఆడిటర్లకు ఆ అలవాటు ఎటూ ఉంది. నెట్‌లో మొదటి పేపరు 50 ప్రశ్నలు, రెండోది 100 ప్రశ్నలు, మూడు గంటలు, తప్పు జవాబుకు మార్కులు కొయ్యరు. కామర్స్ పేపరు సీఏలకు కొంత తేలిగ్గానే ఉంటుంది. మొదటి పేపరులో బోధన, పరిశోధన గురించి అడుగుతారు, దాన్ని లైట్‌గా తీసుకోకండి. ఇక 2022లో వచ్చిన ‘ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్’ పద్ధతి ఉంది. రంగంలో కనీసం 15 ఏళ్లు పనిచేసిన నిపుణుల్ని డిగ్రీల పట్టింపు లేకుండా కొంతకాలానికి తీసుకోవచ్చు, మొత్తంమీద నాలుగేళ్లకు మించకూడదు. అది పర్మినెంట్ ఉద్యోగం కాదు, మర్చిపోవద్దు.

జీతం. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం యూజీసీ స్కేలులో ₹57,700తో మొదలవుతుంది, దానిమీద డీఏ, హెచ్ఆర్ఏ. మర్యాదగా బతకొచ్చు. కానీ రెగ్యులర్ పోస్టులు భర్తీ అవడానికి ఏళ్లు పడుతోంది. ఈలోగా గెస్ట్ ఫ్యాకల్టీగా, అకడమిక్ కన్సల్టెంట్‌గా పనిచేసేవాళ్లు ఎంత తక్కువకు, ఎంత అనిశ్చితిలో పాఠం చెబుతున్నారో ఈ సభలో ఉన్న కొందరికి బాగా తెలుసు. పీహెచ్‌డీ చేసి, నెట్ పాసై, సెమిస్టరుకొకసారి రెన్యువల్ కోసం ఎదురుచూడటం సరైంది కాదు. ఈ మాట నేను ఎక్కడ మాట్లాడినా చెబుతాను. కాబట్టి ప్రాక్టీసు నుంచి రావాలనుకునేవాళ్లు ఇంటి ఖర్చు, పిల్లల ఫీజులు, లోను ఈఎంఐలు కాగితం మీద రాసుకుని, రెండు మూడేళ్లు తట్టుకోగలమా లేదా చూసుకుని రండి. క్లయింట్లకు క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ వేసిచ్చినట్టే ఇంటికీ వేసుకోండి. ఇంట్లోవాళ్లతో కూర్చుని వేసుకోండి.

ఇప్పుడు పీహెచ్‌డీ. ఉద్యోగానికి తప్పనిసరి కాకపోయినా యూనివర్సిటీలో నిలబడాలంటే చెయ్యక తప్పదు, ప్రమోషన్లకూ కావాలి. కోర్స్‌వర్క్‌తో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. పార్ట్‌టైమ్ కూడా ఉంది. ప్రాక్టీసు నుంచి వచ్చినవాళ్లకు అసలు మార్పు ఇక్కడే. ఆడిట్‌లో మనకు గడువుంది. ఉన్న ఆధారాలు చూసి, సహేతుకమైన భరోసాతో అభిప్రాయం రాసి సంతకం పెడతాం, ఫైలు మూసేస్తాం. పరిశోధనలో ఫైలు మూయడం కుదరదు.

ఉదాహరణ చెప్తాను. సూక్ష్మ, చిన్న తరహా సంస్థల దగ్గర సరుకు కొన్నవాళ్లు గడువులోగా డబ్బు కట్టకపోతే, ఆ ఖర్చు కట్టిన ఏడాదే మినహాయింపుకు వస్తుందని 2023 ఫైనాన్స్ చట్టంతో ఒక నిబంధన తెచ్చారు. అప్పటి ఇన్‌కం టాక్స్ చట్టంలో 43బీ(హెచ్). ఒప్పందం రాసుకుని ఉంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజులు, లేకపోతే 15 రోజులు. ప్రాక్టీసులో ఉన్నప్పుడు నా పని ఆ నిబంధన క్లయింటుకు చెప్పి, మార్చి 31 లోపల బాకీలు కట్టించడం. అక్కడితో అయిపోయింది. పరిశోధకురాలిగా అడగాల్సింది ఇంకొకటి. ఆ నిబంధన వచ్చాక రేణిగుంటలో చిన్న యూనిట్ నడిపేవాడికి డబ్బు నిజంగా ముందుగా అందుతోందా? లేక పెద్ద కొనుగోలుదారు ఆ గొడవెందుకని చిన్న సంస్థగా రిజిస్ట్రేషన్ లేనివాడి దగ్గరికి వెళ్లిపోయాడా? దీనికి చట్టం చదివితే జవాబు రాదు. యూనిట్ల దగ్గరికి వెళ్లాలి, ముందూ తర్వాతా లెక్కలు చూడాలి, ఇంకే కారణం వల్లయినా మార్పు వచ్చిందేమో తేల్చాలి. మనం అనుకున్నదానికి వ్యతిరేకంగా జవాబు వస్తే అదే రాయాలి. నాకు పరిశోధనలో బాగా నచ్చిన సంగతి ఇదే.

మిత్రులకు ఇక్కడ ఒక హెచ్చరిక. మన దగ్గర అల్మారాల నిండా ఫైళ్లున్నాయి కదా, డేటాకు కొదవేముంది అనుకుంటారు. ఆ ఫైళ్లు మనవి కావు. క్లయింటు అనుమతి లేకుండా వాళ్ల వివరాలు బయటపెడితే చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూల్ ప్రకారం అది వృత్తిపరమైన తప్పిదం. ప్రాక్టీసు మానేసినా ఆ నమ్మకం మానేసినట్టు కాదు. థీసిస్‌కే కాదు, క్లాసులో చెప్పే కథలకూ ఇదే వర్తిస్తుంది. చిత్తూరులాంటి ఊళ్లో పేరు చెప్పకపోయినా, ఫలానా రోడ్డులో ఉన్న ఫ్యాక్టరీ అంటే చాలు, ముందు వరసలో కూర్చున్న పిల్లాడికి అది వాళ్ల మామయ్యదని తెలిసిపోతుంది. అందుకే నేను క్లాసులో పత్రికల్లో వచ్చిన విషయాలు, కంపెనీలు బహిరంగంగా పెట్టిన వార్షిక నివేదికలు, లేదా ఇందాకటి మామిడి గుజ్జులాగా కల్పించిన అంకెలు మాత్రమే వాడతాను.

యూనివర్సిటీవాళ్లకు కూడా ఒక విన్నపం. సిలబస్ మారడానికి ఏళ్లు పడుతోంది. 1961 ఇన్‌కం టాక్స్ చట్టం స్థానంలో 2025 చట్టం వచ్చింది, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. సెక్షన్లు 536కి కుదించారు, నంబర్లన్నీ మారాయి. ప్రీవియస్ ఇయర్, అసెస్‌మెంట్ ఇయర్ అని రెండు ఏళ్లతో పిల్లల్ని తికమకపెట్టే పద్ధతి పోయి టాక్స్ ఇయర్ ఒక్కటే వచ్చింది. పాత నోట్సుతో పాఠం చెబితే ఆ పిల్లవాడు ఆడిట్ ఆఫీసులో చేరిన మొదటిరోజే తెల్లమొహం వేస్తాడు. సిలబస్ తయారుచేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్‌లో ప్రాక్టీసులో ఉన్న ఒక్కరినైనా కూర్చోబెట్టండి, కూర్చోబెట్టి వాళ్ల మాట వినండి. డిగ్రీ పిల్లలకు ఇంటర్న్‌షిప్పులు పెట్టారు, మంచిదే. సర్టిఫికెట్ కోసం సంతకం పెట్టించుకునే ఇంటర్న్‌షిప్ కాకుండా, ఆడిట్ ఆఫీసులో నిజంగా వోచర్లు చూసే ఇంటర్న్‌షిప్ ఇప్పిద్దాం. ఈ ఊళ్లో ఉన్న ఆఫీసులు తలుచుకుంటే అది పెద్ద పనేం కాదు, వెనక వరసల్లో కూర్చున్నవాళ్లనే అడుగుతున్నాను.

నా మాటలు ఇక్కడ ఆపుతాను. ప్రశ్నలుంటే అడగండి.

(ఆర్టికల్స్ చేస్తున్న ఒక విద్యార్థి: మేడమ్, నాకు టీచింగ్ అంటే ఇష్టం. సీఏ అయిన వెంటనే నేరుగా వెళ్లొచ్చా, ప్రాక్టీసు చేశాకే వెళ్లాలా?)

అర్హత ప్రకారమైతే నేరుగా వెళ్లొచ్చు బాబూ. నన్ను అడిగితే కొన్నేళ్లు పనిచేసి వెళ్లు. ఒక ఆడిట్ పూర్తిగా నీ చేతులమీదుగా జరగాలి, స్టాక్ నువ్వే వెళ్లి లెక్కపెట్టాలి, క్లయింటు ఒప్పుకోనిది ఒప్పించి రాయించాలి, ఒక నోటీసుకు జవాబు నువ్వే తయారుచేసి ఆఫీసరు ముందు కూర్చోవాలి. ఇవి జరిగితే చాలు. ఈలోగా నెట్ రాసి పెట్టుకో, ఆదివారాలు ఏదైనా కాలేజీలో గెస్ట్ లెక్చర్ చెప్పు. అరవైమంది ముందు గంటసేపు నిలబడి మాట్లాడటం నీకు ఇష్టమో కాదో ముందే తెలుస్తుంది.

(ఎంకామ్ విద్యార్థిని: మేడమ్, నేను సీఏ కాదు. ఇంట్లో సీఏ అయితేనే విలువ అంటున్నారు. ఎంకామ్‌తో మంచి టీచర్ని కాలేనా?)

ఎందుకు కాలేవమ్మా. నాకు అకౌంట్స్ మీద ఇష్టం పుట్టించినవాళ్లు సీఏలు కాదు, ఎంకామ్ చదివిన లెక్చరర్లే. నీకు లేనిది రంగంలో అనుభవం ఒక్కటే, అది సంపాదించుకోవచ్చు. వేసవి సెలవుల్లో ఒక ఆడిట్ ఆఫీసులో గాని, మీ ఊరి సొసైటీలో గాని కూర్చుని పుస్తకాలు రాయి. జీఎస్టీ రిటర్ను ఒకటి మొదటినుంచి చివరిదాకా నువ్వే తయారుచెయ్యి. ఇంట్లోవాళ్లతో పోట్లాడకు, నెట్ పాసై మార్కుల కార్డు చూపించు.

(ప్రాక్టీసులో ఉన్న ఒక చార్టర్డ్ అకౌంటెంట్: మేడమ్, యూనివర్సిటీలో చేరితే ప్రాక్టీసు సర్టిఫికెట్ వదులుకోవాల్సిందేనా? క్లయింట్లను ఎట్లా అప్పజెప్పాలి?)

రెండువైపులా చూసుకోవాలండీ. ప్రాక్టీసు సర్టిఫికెట్ ఉంచుకుని వేరే పని చెయ్యాలంటే ఇన్‌స్టిట్యూట్ నిబంధన 190ఏ ఉంది, బోధనకు ఏ పద్ధతిలో అనుమతి కావాలో అందులో, దాని అనుబంధంలో ఉంటుంది. ఆడిట్ సంతకాల విషయంలో పరిమితులున్నాయి, కాబట్టి మీ పరిస్థితి రాసి రాతపూర్వకంగానే జవాబు తెప్పించుకోండి. అవతల యూనివర్సిటీ సర్వీసు నిబంధనలు బయటి పనిని ఒప్పుకోవాలి. రెగ్యులర్ ఉద్యోగమైతే నేను సర్టిఫికెట్ అప్పగించేయమంటాను. సభ్యత్వం ఎటూ ఉంటుంది, పేరు పక్కన సీఏ ఉంటుంది. అవసరమైతే తర్వాత మళ్లీ తీసుకోవచ్చు.

అప్పగింత విషయానికొస్తే, ఆర్టికల్స్‌ది ముందు చూడండి. వాళ్ల ట్రెయినింగ్ మధ్యలో ఆగిపోకుండా మంచి ప్రిన్సిపాల్ దగ్గరికి ట్రాన్స్‌ఫర్ చేయించండి. కంపెనీ ఆడిట్లు ఉంటే రాజీనామా చేసిన 30 రోజుల్లో ఏడీటీ-3 అనే రాజీనామా ఫారం దాఖలు చెయ్యాలి. కొత్త ఆడిటర్ మీకు ఉత్తరం రాస్తారు, పెండింగ్ విషయాలేమైనా ఉంటే మొహమాటపడకుండా జవాబులో రాయండి. టాక్స్ నోటీసులు నడుస్తున్న క్లయింట్ల ఫైళ్లు కొత్తవాళ్లతో కూర్చుని, తేదీలవారీగా చెప్పి ఇవ్వండి. యూనివర్సిటీ సెమిస్టర్ మొదలయ్యే సమయానికే ఇక్కడ రిటర్నుల సీజన్ కూడా వస్తుంది, రెండూ ఒకేసారి మోయలేరు. అందుకని క్లయింట్లకు జనవరి, ఫిబ్రవరిలోనే చెప్పేయండి, ఏప్రిల్ నుంచి కొత్త సంవత్సరం పుస్తకాలు కొత్తవాళ్లే మొదలుపెట్టుకుంటారు.